ఊడని కాగితం

జనవరి 4

ఒరే తమ్ముడూ,

ముందుగా నీ తెల్లచొక్కాలకి నా ఆశీస్సులు. రాబోయే నెల రోజులూ కష్టాలు వాటికే కాబట్టి.

రేకుపెట్టె నిన్న లారీలో వేయించాను. మూడు రోజుల్లో చేరుతుందన్నారు కాబట్టి నువ్వు నాలుగో రోజున వెళ్లి అడుగు. అసలు నేనే రావలసింది. ఎడమ చేతికి ఈ కట్టే లేకపోతే, మీ ఊరి ఎగ్జిబిషన్లో మన బైండింగ్ స్టాలు నీ చేతిలో పెట్టే ఖర్మ నాకేమిటి? మెట్టు మీద కాలు జారిందని అందరికీ చెబుతున్నాం. నీకు మాత్రం నిజం చెబుతాను. మీ బావ మీద కోపంతో గిరుక్కున తిరిగి నడిచాను, అక్కడ మెట్టుందన్న సంగతి మరిచాను. డాక్టరు ఆరు వారాలన్నాడు. ఒంటి చేత్తో పుస్తకాలు కుట్టడం ఎవరి తరమూ కాదు.

నువ్వు సర్వే ఆఫీసులో పటాలు గీసుకునే మనిషివి. వేలికి సిరా అంటితే నాలుగుసార్లు కడుక్కుంటావు. అయినా పదిహేనేళ్లు వచ్చేదాకా నాన్న పక్కన కూర్చుని కుట్టినవాడివే. దాచుకున్న సెలవులన్నీ నా కోసం పెట్టేశావని నీ భార్య రాస్తే, చెప్పొద్దూ, కళ్లు తుడుచుకున్నాను.

జనం ముందు రోజుకి రెండు చినిగిన పుస్తకాలైనా కుట్టి చూపించు. పని జరుగుతుంటేనే మనిషి ఆగి చూస్తాడు. జిగురు ఏ రోజుది ఆ రోజే కాచుకో. మైదాలో చిటికెడు మైలుతుత్తం వెయ్యి, నీలం పొట్లంలో ఉంది. అది పడితే పుస్తకానికి పురుగు పట్టదు. అది విషం, చేతులు కడుక్కో అని ఇంకెవరికైనా అయితే చెప్పాలి. నీకు చెప్పడం దేనికి!

అసలు సంగతి ఇది. ఆఖరి వారంలో మీ ఊరి పెద్ద లైబ్రరీ నుంచి లైబ్రేరియన్ గారు వస్తారు. వాళ్ల దగ్గర ఎనిమిది వందల పాత పుస్తకాలు పురుగు కొట్టి ఉన్నాయట. ఆ పని మనకొస్తే ఏడాది పాటు కుట్టుబల్ల ఖాళీ ఉండదు. రాకపోతే నా దగ్గర పనిచేసే ఇద్దరు అమ్మాయిలనీ వేరే పని చూసుకోమనాలి. ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

పెట్టెలో పైన నమూనా పుస్తకాలు, కింద సూదులు, మైనం రాసిన దారం, అట్టలు. అడుగున పాత తువ్వాలులో చుట్టిన స్టీలు డబ్బా ఉంది. దాని సంగతి కింద రాస్తాను.

నా చెయ్యి ఇలా అయ్యాక వంట మీ బావదే. కూరలో ఉప్పెంత అని అడగడానికి వంటింట్లోంచి ముందు గదికి పదకొండుసార్లు వస్తాడు. వచ్చి చెంచా నా ముక్కు కింద పెడతాడు. ఇప్పుడు చెంచా లేకుండా వచ్చి నిలబడ్డాడు. వెనకాల మాడువాసన. ఉంటాను.

అక్క


జనవరి 14

అక్కకు నమస్కారాలు. బావగారికీ, వారి చెంచాకీ కూడా.

పెట్టె భద్రంగా చేరింది. స్టాలు పెట్టి మూడు రోజులైంది. మూడు పక్కలా ప్లైవుడ్డు, ముందు ఒక బల్ల, పైన ఒక బల్బు. ఎడమ పక్క నీటి పంపులవాళ్లు, ఎదురుగా అద్దాల కొట్టు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పదహారు అద్దాల్లో నన్ను నేనే చూసుకుంటూ కుడుతున్నాను. జుట్టు వెనకాల ఇంత పలచబడిందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?

నిన్న ఒక పెద్దాయన చినిగిన నిఘంటువు తెచ్చాడు. వెన్ను ఊడదీసి మళ్లీ కుట్టి ఇచ్చాను. ఇరవై మంది నిలబడి చూశారు. నాన్న ఉంటే కుట్టు వదులైందని మొట్టేవాడు.

డబ్బా గురించి రాస్తానని నువ్వు మరిచిపోయావు. ఫరవాలేదు, నాకర్థమైంది. తువ్వాలు విప్పగానే అమ్మ డబ్బా! నేను రెండో తరగతిలో మేకుతో మూత మీద గీసిన చేప చెక్కుచెదరలేదు. దాన్నిండా అన్నం పెట్టుకుని వెళ్లి బళ్లో తిన్న రోజులన్నీ ఒక్కసారి ముంచుకొచ్చాయి. వాడడానికి మనసొప్పలేదు. బీరువాలో పెట్టుకున్నాను.

గేటు పక్కన ఒకావిడ తోపుడుబండి మీద ఉడికించిన శనగలు అమ్ముతుంది. ఉల్లిపాయ ముక్కలు వేసి నిమ్మకాయ పిండి ఇస్తుంది. ఊళ్లో అందరూ శనగలమ్మ అంటారు. మధ్యాహ్నం నాకు అన్నం తెచ్చే నీ మరదలు ముందు అక్కడ ఆగి, తిని, మూతి తుడుచుకుని గాని నా దగ్గరికి రాదు. ఆ ప్లేట్లన్నీ ఒకే బకెట్లో ముంచి తీయడం నా కళ్లతో చూశాను. ఒళ్లు జలదరించింది. చెబితే వినదు.

తమ్ముడు


జనవరి 17

పదహారు మంది తమ్ముళ్లకీ,

ఒక్కణ్ణి భరించడమే కష్టమనుకుంటే అద్దాలాయన నిన్ను ఇంతమందిని చేశాడు. జుట్టు సంగతి నీ పెళ్లిలోనే గమనించాను. పెళ్లికూతురు వినేలా చెప్పడం దేనికని ఊరుకున్నాను.

నీకేమైనా మతిపోయిందా, ఆ డబ్బా బీరువాలో పెట్టుకున్నావా? దాచుకోమని పంపలేదు, వాడమని పంపాను. రోజూ వాడు. అమ్మ ఉన్నా అదే అంటుంది. ఏ వస్తువూ ఊరికే కూర్చోవడం ఆవిడకి గిట్టేది కాదు.

శనగలావిడ జోలికి పోకు. నీ భార్య ఆ కాస్త తింటే నీకు పోయేదేముంది? నువ్వు తినకు, అంతేగా. నమూనాలు మాత్రం నూనె చేతులతో ఎవరినీ ముట్టనివ్వకు.

చేతికి కట్టు లోపల దురద పెడుతోంది. కాగితాలు మడిచే మడతపుల్ల దూర్చి గోక్కుంటున్నాను. మీ బావ చూస్తే గొడవ.

అక్క


జనవరి 25

అక్కకు,

ఈ ఉత్తరం మంచం మీంచి రాస్తున్నాను. కంగారుపడకు, ఇప్పుడు లేచి తిరుగుతున్నాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు, ఇరవై ఒకటిన, నీ మరదలు ఒక పూట పుట్టింటికి వెళ్లింది. మధ్యాహ్నానికి అన్నం లేదు. నువ్వు వాడమన్నావు కదా అని అమ్మ డబ్బా తీసి, సబ్బుతో మూడుసార్లు కడిగి, వేణ్ణీళ్లు పోసి తుడిచి తీసుకెళ్లాను. శనగలమ్మ దగ్గర ఆగాను. నీ ప్లేటు నాకొద్దమ్మా, ఇందులో వెయ్యమని డబ్బా ఇచ్చాను. ఆవిడ నన్నోసారి ఎగాదిగా చూసి, నిండా వేసింది. నిమ్మకాయ రెండు చెక్కలు పిండమన్నాను, పిండింది. తీరా స్టాలుకి వచ్చేసరికి జనం. తినడానికి మూడైంది. ఏదో చేదుగా అనిపించింది, నిమ్మగింజ కొరికాననుకున్నాను.

నాలుగింటికి మొదలైంది. అక్కా, నేను చెప్పలేను. నీటి పంపులాయన బకెట్ ఇచ్చాడు. అద్దాలాయన ఆటోలో ఇంటికి చేర్చాడు. ఎక్కేముందు పదహారు అద్దాల్లోనూ నా మొహం చూసుకున్నాను, ఒక్కదాన్లోనూ ప్రాణం లేదు. డాక్టరు పొట్ట నొక్కి చూసి, బయట ఏమైనా తిన్నారా అన్నాడు. ఇంకేం చెప్పాలి? రెండు రోజులు గంజినీళ్లే.

నీ మరదలు మాత్రం, "అదే రోజు సాయంత్రం అదే కుండలోవి నేనూ తిన్నాను, నాకేం కాలేదే?" అంటుంది. నీది రాళ్లు అరిగించుకునే పొట్ట అన్నాను. అప్పటినుంచి మాటల్లేవు. మాట్లాడకుండానే రోజూ వెళ్లి స్టాల్లో కూర్చుంటోంది. నాకన్నా ఎక్కువ పని పట్టుకొస్తోంది, అది వేరే సంగతి.

నేను ఊరుకోలేదు. కొంచెం ఓపిక రాగానే ఎగ్జిబిషన్ కమిటీకి ఫిర్యాదు రాశాను. రెండు పేజీలు. దాంతోపాటు పటం కూడా గీసి పెట్టాను. బండి, బకెట్, మురుగుకాలవ, మధ్య దూరాలు, అన్నీ కొలతలతో. కార్యదర్శి ఇంత చక్కటి ఫిర్యాదు ఇంతవరకు చూడలేదన్నాడట. ఆ సాయంత్రమే ఆవిణ్ణి గేటు దగ్గర్నుంచి పంపేశారు. పదిమందికీ మేలు జరిగిందని తృప్తిగా ఉంది.

తమ్ముడు


జనవరి 28

తమ్ముడూ,

ఈ వాక్యం చదివి కాగితం కింద పెట్టి డాక్టరు దగ్గరికి పరుగెత్తు. అది జిగురు డబ్బా. మైలుతుత్తం కలిపిన జిగురు పోసే డబ్బా.

వెళ్లొచ్చావా? ఇప్పుడు చదువు.

అమ్మ పోవడానికి రెండేళ్ల ముందే మూత వదులైందని తనే దాన్ని జిగురుకి ఇచ్చేసింది. ఆరేళ్లుగా దుకాణంలో అదే వాడుతున్నాం. స్టాల్లో జిగురు పోసుకుంటావని పెట్టెలో పెట్టాను. దాని సంగతి కింద రాస్తానని రాసి, మీ బావ కూర మాడిందని లేచిపోయాను. నువ్వేమో బీరువాలో పెట్టుకున్నానంటే, అమ్మ వస్తువు కదా, జిగురుకి వాడలేకపోతున్నావనుకున్నాను. రోజూ వాడమని రాసింది కూడా నేనే. నా చేతులతో నేనే నీకు విషం పెట్టినట్టయింది. పైన ఎంత కడిగినా అంచు మడతలో ఆరేళ్ల జిగురు ఉంటుంది. దాని మీద రెండు చెక్కల నిమ్మరసం, రెండు గంటలు!

నువ్వు లేచి తిరుగుతున్నానన్న ఆ ఒక్క ముక్క పట్టుకుని బతుకుతున్నాను. డాక్టరేమన్నాడో ఆ రోజే రాయి.

ఇంకో మాట. ఆవిడ ఏ పాపమూ ఎరగదు. ఆవిడ ప్లేట్లో తిని ఉంటే నీకేమీ అయ్యేది కాదు. బండి నిలబెట్టుకునే చోటు పోగొట్టావు. వెళ్లి కనుక్కో.

అక్క


జనవరి 31

అక్కకు,

బతికాను. ముందు అది విను.

నువ్వు చెప్పినట్టే పరుగెత్తాను. డబ్బా కూడా పట్టుకెళ్లాను. డాక్టరు అంచు మడత కింద పిన్నుతో గీకితే నీలిరంగు పొడి రాలింది. రక్తం తీసి పరీక్షకి పంపాడు. సాయంత్రం పిలిచి, అన్నీ సవ్యంగా ఉన్నాయి, లోపలికి వెళ్లింది తక్కువే, అదీ వాంతుల్లో పోయింది, ఇక భయం లేదన్నాడు. నీ మరదలు అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. ఇంటికొచ్చాక నవ్వింది. ఎంతసేపు నవ్విందంటే నాకు కోపం వచ్చి, పోయి, నాకూ నవ్వొచ్చేంతసేపు. మాటలు కలిశాయి.

తర్వాత శనగలమ్మని వెతుక్కుంటూ వెళ్లాను. బస్టాండు వెనక సందులో ఒక్క గది. బండి గోడకి ఆనించి ఉంది, కుండ బోర్లించి ఉంది. ఏడాదంతా ఎక్కడెక్కడో తిరిగి అమ్మినా, ఈ నెల రోజుల గేటు అమ్మకమే ఆవిడకి ఆధారమట. నేను జరిగిందంతా చెప్పాను. ఆవిడ పీట కూడా వెయ్యలేదు.

"మీరు కాగితం మీద రాశారు. బొమ్మ కూడా గీశారంట. నేనేం రాయగలను సారూ? నాకు సంతకం ఒక్కటే వచ్చు" అంది.

తప్పయిపోయిందన్నాను.

"నా గదిలో చెబితే నాకేం లాభం? శనగలమ్మ దగ్గర తింటే వాంతులని గేటు దగ్గర అందరూ అనుకుంటున్నారు. అక్కడ చెప్పండి."

కార్యదర్శి దగ్గరికి వెళ్లాను. ఫిర్యాదు వాపసు తీసుకుంటే ఆవిణ్ణి వెనక గోడ దగ్గర పెట్టుకోనిస్తానన్నాడు. పొరపాటు పడ్డానని ఒక్క ముక్క రాస్తే చాలు, కారణం అక్కర్లేదన్నాడు. కానీ వెనక గోడ దగ్గరికి ఎవడొస్తాడు? గేటు దగ్గర చోటు మళ్లీ కావాలంటే అసలు కారణం రాతపూర్వకంగా కావాలట.

కారణం రాస్తే ఏమవుతుందో నీకు తెలుసు. మన స్టాలు డబ్బాలో విషం ఉందని నా చేతులతో నేనే రాసివ్వాలి. లైబ్రేరియన్ ఏడో తారీఖున వస్తారు. ఆ ఇద్దరు అమ్మాయిల మాట గుర్తొస్తే కలం కదలడం లేదు. స్టాలు నీది, పేరు నాన్నది. ఏం చెయ్యమంటావు?

తమ్ముడు


ఫిబ్రవరి 3

తమ్ముడూ,

నీకేం ప్రమాదం లేదన్న మాట చదివి కుట్టుబల్ల మీద తల వాల్చేశాను. మీ బావ నాకు ఏమైందోనని మంచినీళ్లు తెచ్చి సగం నా మీదే పోశాడు. ప్రాణం లేచొచ్చిందిరా.

ఇక రెండో సంగతి. ఒక పూటంతా ఆలోచించాను. దొంగబుద్ధి నాకూ పుట్టింది. వెనక గోడైతే మాత్రమేం, ఎలాగో అమ్ముకుంటుందిలే అనుకున్నాను. తర్వాత అమ్మాయిలిద్దర్నీ కూర్చోబెట్టి నీ ఉత్తరం చదివి వినిపించాను. పెద్దమ్మాయి కుట్టు ఆపకుండానే, "ఆవిడకి జరిగింది మనకి జరగకూడదని ఆవిణ్ణి అలాగే వదిలేస్తామా అక్కా?" అంది. సిగ్గుతో చచ్చాను.

రాయి. పటాల మీద రాస్తావే, ఆ అచ్చుగుద్దినట్టుండే అక్షరాలతో పెద్దగా రాయి. డబ్బా తప్పు నాది, ఫిర్యాదు తప్పు నీది, రెండూ రాయి. మన దుకాణం పేరు కూడా రాయి. కమిటీకి ఒకటి ఇచ్చి, ఇంకొకటి గేటు బోర్డు మీద అంటించు. మన జిగురుతోనే అంటించు. మైలుతుత్తం తగ్గించకు.

లైబ్రరీ పని పోతే పోనీ. పెళ్లిపత్రికల అట్టలు చేసుకుని బతుకుతాం. ఉండబట్టలేక అన్నానని అనుకోకు, నిజంగానే అంటున్నాను.

అక్క


ఫిబ్రవరి 9

అక్కా,

నీ ఉత్తరం ఆరున అందింది. ఆ సాయంత్రమే రాశాను. ఏడున పొద్దున్నే అంటించాను. అడ్డంగా రెండు మూరలు, నిలువుగా మూర. ఇలా రాశాను:

"శనగలమ్మ అమ్మిన శనగల వల్ల నాకు జబ్బు చేసిందని నేనిచ్చిన ఫిర్యాదు తప్పు. మా బైండింగ్ స్టాలులో మైలుతుత్తం కలిపిన జిగురు పోసే డబ్బాలో ఆ శనగలు పోయించుకుని తిన్నాను. అది జిగురు డబ్బా అని చెప్పకపోవడం మా అక్క తప్పు. ఆవిడ ప్లేటు అసహ్యించుకోవడం నా తప్పు. శనగలమ్మ తప్పు ఏమీ లేదు."

కింద దుకాణం పేరు, నా సంతకం. పటం గియ్యలేదు.

కార్యదర్శి చదివి తల పట్టుకున్నాడు. అయినా మాట తప్పలేదు. శనగలమ్మ పదకొండింటికి బండి తోసుకుంటూ వచ్చింది. ఆవిడకి నీ మరదలు పైకి చదివి వినిపించింది. ఒకసారి చాల్లేదు, మళ్లీ చదవమంది. మూడోసారికి చుట్టూ జనం. అసహ్యించుకోవడం దగ్గరికి వచ్చేసరికి అందరూ నావైపు తిరిగారు. నేను ఎటు చూడాలో తెలియక ఆకాశంలోకి చూశాను.

"మీ డబ్బా ఏది సారూ?" అంది శనగలమ్మ.

తేలేదన్నాను. బకెట్లోంచి ఒక ప్లేటు తీసింది. నీళ్లు విదిలించింది. శనగలు వేసింది. నిమ్మచెక్క పిండింది. నా చేతిలో పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ప్లేటు అంచున ఇంకా రెండు నీటిచుక్కలు. నా చెయ్యి దానంతటదే జేబులో చేతిరుమాలు మీదికి వెళ్లింది. ఆవిడ చూసింది. చెయ్యి బయటికి తీసేశాను. తిన్నాను. అక్కా, ఎంత బాగున్నాయనుకున్నావు! ఈ నెలంతా నీ మరదలు ఎందుకు అక్కడ ఆగిందో ఇప్పుడర్థమైంది. రెండో ప్లేటు నేనే అడిగాను. అప్పుడు నవ్వింది ఆవిడ. ఆ తర్వాత బండి దగ్గర చోటు దొరకలేదు.

లైబ్రేరియన్ గారు సరిగ్గా ఆ గుంపులోనే ఉన్నారని నాకు తెలీదు. మధ్యాహ్నం స్టాలుకి వచ్చి నమూనాలు ముట్టనైనా ముట్టలేదు. బోర్డు మీద రాసింది మీరేనా అన్నారు. అవునన్నాను. పని పోయిందనుకున్నాను.

"అయితే మీరు జిగురులో నిజంగానే మైలుతుత్తం వేస్తారన్నమాట. ఇదివరకు చేసినవాళ్లు వేస్తామని చెప్పి మానేశారు. ఏడాదికే పురుగొచ్చింది."

"నా పొట్టే సాక్ష్యమండీ" అన్నాను.

ఆయన నవ్వలేదు. నవ్వే మనిషి కాదు. పాఠకులకి ప్రమాదమా అని అడిగారు. అట్ట లోపల, వెన్ను దగ్గరే రాస్తామని ఒక పుస్తకం విప్పి చూపించాను. వేలు నాలుక మీద తడుపుకుని పేజీలు తిప్పొద్దని లైబ్రరీలో ఇప్పటికే పెద్ద బోర్డు ఉందట. ముందు వంద పుస్తకాలు పంపిస్తారు. నచ్చితే మిగతావి. అమ్మాయిలకి చెప్పు.

రాత్రి హాయిగా నిద్రపట్టింది. మూడు వారాల్లో అదే మొదటిసారి.

తమ్ముడు


ఫిబ్రవరి 16

ఒరే తమ్ముడూ,

కట్టు విప్పారు. ఎడమ చెయ్యి పీక్కుపోయి పరాయివాళ్ల చెయ్యిలా ఉంది కానీ సూది పట్టుకుంటోంది. చాలు. వంద పుస్తకాల మాట చెప్పగానే చిన్నమ్మాయి బల్ల తుడవడం మొదలెట్టి ఇంకా ఆపలేదు. మీ బావని వంటింట్లోంచి పంపించేశాను. చెంచా మాత్రం వదిలిపెట్టలేదు, ముందు గదిలో పట్టుకుని కూర్చున్నాడు.

అమ్మ డబ్బా నువ్వే ఉంచుకో. ఈసారి బీరువాలోనే పెట్టుకో. చేప వైపు పైకి.

నిన్న మీ కమిటీ కార్యదర్శి నుంచి నాకో ఉత్తరం వచ్చింది. ఎగ్జిబిషన్ అయిపోయి రెండు రోజులైనా గేటు బోర్డు మీది కాగితం రావడం లేదట. గోళ్లతో, చాకుతో, బ్లేడుతో చూశారట. బోర్డు రంగు ఊడిందట కానీ కాగితం ఊడలేదట. వచ్చే ఏడాదీ అదే బోర్డు వాడాలి, దయచేసి మార్గం చెప్పండి అని రాశాడు.

వేణ్ణీళ్లలో ముంచిన గుడ్డ అరగంట కప్పి ఉంచితే మెల్లగా వచ్చేస్తుంది. నీకు తెలుసుగా. వాళ్లకి చెప్పకు. నేనూ ఇంకా జవాబు రాయలేదు. వచ్చే ఏడాది శనగలమ్మ బండి మళ్లీ అక్కడికి చేరాక తీరిగ్గా రాస్తాను.

అక్క